మగ్గాల షెడ్డు మాట

జూన్ 2

అల్లుడికి,

అల్లుణ్ణి నువ్వు అని రాయకూడదట, మీరు అనాలట. మీ అత్తయ్య పక్కన నిలబడి చూస్తోంది. పద్దెనిమిదేళ్ళ వయసులో నా దగ్గర పని నేర్చుకోవడానికొచ్చి, మగ్గం కింద దూరి ముఖమంతా నూనె పూసుకున్నవాణ్ణి ఇప్పుడు మీరు అనడం నా వల్ల కాదు.

సూటిగా అడుగుతాను. నీ ఉద్యోగం ఉందా, ఊడిందా? మన పాత మిల్లు క్యాంటీన్ బక్కాయన పని మీద ఈ ఊరొచ్చి మా ఇంటికి వచ్చాడు. పొద్దున పదిన్నరకి నువ్వు డాబా మీద చిన్న గౌన్లు ఆరేస్తున్నావట. నోట్లో రెండు క్లిప్పులట. పదిన్నరకి ఫిట్టర్ అనేవాడు షెడ్డులో ఉండాలి గానీ డాబా మీద ఏం పని? అమ్మాయి ఫోన్ చేస్తే మీ అత్తయ్యే మాట్లాడుతుంది. పెట్టేసి, "అందరూ బాగున్నారట" అంటుంది. అంటే సగం మింగేసిందని లెక్క. నాకు ఫోన్లో వినపడదు కాబట్టే ఈ కాగితం. నువ్వూ కాగితం మీదే చెప్పు.

రెండోది. మనవరాలికి మూడో ఏడు సగం దాటింది. ఇంతవరకు ఒక్క మాట లేదు. రోజంతా నీ దగ్గరుంటే మాటలెక్కణ్ణించి వస్తాయిరా? నువ్వు నా శిష్యుడివి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "ఊఁ". జూలై ఇరవైన మేమిద్దరం వచ్చి పిల్లని తీసుకెళ్ళిపోతాం. ఇక్కడ మీ అత్తయ్య ఉంది, ఆవిడ గోడతో కూడా మాట్లాడుతుంది. మాటలొచ్చాక, బడి వేళకి తెచ్చి దింపుతాం. అమ్మాయికి నేను చెప్పానని చెప్పు.

మామయ్య


జూన్ 9

మామయ్యగారికి నమస్కారం.

ఇక్కడ ముగ్గురం బాగున్నాం, వంటింటి కుళాయి ఒక్కటే బాగాలేదు.

ఉద్యోగం ఉంది. మీ అమ్మాయిని డెయిరీలో పాల పరీక్షల గదికి పెద్దని చేశారు. పొద్దున ఏడుకల్లా అక్కడుండాలి. అందుకని నేనే అడిగి సాయంత్రం షిఫ్టుకి మారాను. ఏడు నుంచి రెండు దాకా బుడంకాయ నాది. రెండింటికి పక్కింటి టైలరమ్మకి అప్పజెప్పి మిల్లుకెళ్తాను, నాలుగింటికి వాళ్ళమ్మ వస్తుంది. గౌన్లు ఆరేసిన మాట నిజం. క్లిప్పులు రెండు కాదు, మూడు.

ఇది తేలిక పని అనుకోకండి మామయ్యా. ఇరవై ఆరు మగ్గాలు ఒక్కణ్ణే చూసుకున్నాను గానీ, ఈ ఒక్కదాని కుడి చెప్పు కుడికాలికి తొడిగేసరికి తల ప్రాణం తోకకొస్తోంది. జుట్టుకి రెండు పిలకలు వేస్తాను, ఒకటెప్పుడూ చెవి పక్కకి జారుతుంది. పార్కులో తల్లులందరూ, "పాపం, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. మొదట్లో షిఫ్టుల సంగతి వివరంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు, "అవునండీ, నడుం నొప్పి" అంటున్నాను. ఇది మీ అమ్మాయికి తెలియనివ్వకండి.

మాటల గురించి మీరేం దిగులు పడకండి. నోటితో చెప్పదు గానీ దానికి తెలియందంటూ లేదు. షెడ్డులో మనం మాట్లాడుకున్నట్టు నాతో అంతా చేత్తోనే చెబుతుంది. నేను నేర్పలేదు, నా చేతులు ఊరికే ఉండవు కదా, చూసి పట్టేసింది. పాలైపోతే, మనం నూలు కండె అయిపోయిందని చెప్పినట్టే అరచెయ్యి బోర్లిస్తుంది. చెప్పు పట్టీ ఊడితే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి, పోగు తెగిందంటుంది. గోడ మీద మీ ఫొటో చూపించి, మేస్త్రీ వస్తున్నాడని మేమంతా మీ వెనక మీసం దువ్వేవాళ్ళమే, అలా దువ్వింది. (అది మీకు ఇన్నాళ్ళూ తెలియకపోతే క్షమించండి.) వాళ్ళమ్మ పిలిస్తే పలకదు, నేను చెయ్యి ఊపితే పరిగెత్తుకొస్తుంది. నా కూతురు మరి.

అందుకని జూలై ఇరవైన రండి, వారం ఉండండి, కానీ పిల్లని అడగకండి. అది లేకుండా పొద్దున ఏడు నుంచి రెండు దాకా ఈ ఇంట్లో నేనేం చెయ్యాలి?

మీ అల్లుడు


జూన్ 16

అల్లుడికి,

సాయంత్రం షిఫ్టంటే నీకు ఆ మూల ఉన్న పాత డొక్కు మగ్గాలు అంటగట్టారన్నమాట. అడిగి మరీ తీసుకున్నావా? అమ్మాయికి హోదా పెరిగితే నువ్వు దిగాలా? సరే, అది మీ ఇద్దరి సంగతి. మీ అత్తయ్య ఈ వాక్యం కొట్టెయ్యమంటోంది, కొట్టెయ్యను.

మీసం సంగతి నాకు మొదటి ఏడాదే తెలుసు. పని ఆగకుండా ఉంటే చాలనుకున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. వాళ్ళమ్మ పిలిస్తే పలకదు, నువ్వు చెయ్యి ఊపితే వస్తుంది అని రాశావు. గొప్పగా రాశావు. ఒరే, అది పిల్ల గురించి రాసినట్టు లేదు, నా గురించి రాసినట్టుంది.

నేను చెప్పినట్టు చెయ్యి. అది నీకు వీపు పెట్టి ఆడుకుంటున్నప్పుడు, వెనక దూరంగా నిలబడి రెండు ఇత్తడి మూతలు గాలిలో మోగించు. నేల మీద పడెయ్యొద్దు, కాళ్ళకి తెలిసిపోతుంది. నీ నీడ దాని ముందు పడకూడదు. తిరిగి చూస్తుందా లేదా, అది రాయి. ఇంకేం రాయక్కర్లేదు.

మామయ్య


జూన్ 23

మామయ్యగారికి,

మీరు పెద్దవారు, నాకు పని నేర్పినవారు. కానీ మీ ఉత్తరం చదివి ఒంటికాలి మీద లేచాను. మీకు వినపడదు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడదా? బంగారంలాంటి పిల్లకి లేని రోగం అంటగడతారా? అది మీ దగ్గరికి రావాలంటే ఏదో ఒక సాకు కావాలి, అంతేగా!

నేను తలుపు తీస్తే ఎక్కడున్నా తిరుగుతుంది. టైలరమ్మ మిషన్ తొక్కితే బల్లకి చెంప ఆనించి నవ్వుతుంది. లారీ వెళ్తే కిటికీ దగ్గరికి పరిగెడుతుంది. వినపడని పిల్లలు ఇవన్నీ చేస్తారా? దీని గురించి మీ అమ్మాయికి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పను కూడా. ఆవిడ ఇప్పటికే, పిల్ల తనని లెక్కచెయ్యట్లేదని కుమిలిపోతోంది.

మూతలు మోగించను. మా పిల్లకి నేను పరీక్షలు పెట్టను. జూలైలో మీరు రాకపోయినా ఫర్వాలేదు.

ఉంటాను.


జూన్ 30

అల్లుడికి,

ఉత్తరం అందింది. మీ అత్తయ్య కంట పడకుండా పెట్టాను.

నాకు కోపం రాలేదు. వచ్చింది, రెండ్రోజుల్లో పోయింది. ఇప్పుడు విను. తలుపు తీస్తే వెలుగు పడుతుంది. మిషన్ తొక్కితే బల్ల అదురుతుంది. లారీ వెళ్తే కిటికీ ఊచలు వణుకుతాయి. ఇవన్నీ నేను పదకొండేళ్ళు చేశాను. మూడొందల మంది పనివాళ్ళున్న మిల్లులో నాకు వినపడదని ఒక్కడు కనిపెట్టలేదు. ఎందుకంటే షెడ్డులో ఆ మోతకి ఎవరికీ ఏమీ వినపడదు, అందరిదీ చేతి మాటే. నువ్వు ఆరేళ్ళు నా పక్కనే ఉన్నావు, నీకు తెలిసిందా? మా ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్న రోజున కదా తెలిసింది!

నువ్వు ఇల్లంతా షెడ్డు చేసి పెట్టావు. ఆ ఇంట్లో వినపడకపోయినా పిల్లకి లోటు తెలియదు, నీకూ తెలియదు. ఒక్కసారి మూతలు మోగించు. నాది తప్పయితే నీ గుమ్మంలో నిలబడి అందరి ముందూ ఒప్పుకుంటాను, ఇక పిల్ల ఊసు ఎత్తను. తప్పు కాకపోతే ఆలస్యం చెయ్యకు. నేను ఆలస్యం చేశాను.

మామయ్య


జూలై 6

మామయ్యగారికి,

ఆదివారం చేశాను. మీ అమ్మాయి స్నానానికెళ్ళింది. బుడంకాయ ముందు గదిలో నాకు వీపు పెట్టి గుండీలు వరసగా పేరుస్తోంది, తెల్లవి ఒక పక్క, నల్లవి ఒక పక్క. వంటింటి గుమ్మంలో నిలబడి మోగించాను. తిరగలేదు. ఇంకా గట్టిగా మోగించాను. పక్కింటి టైలరమ్మ కిటికీలోంచి, "ఏమైందండీ?" అని అరిచింది. కింది వాటాలో కుక్క మొరిగింది. పిల్ల నల్ల గుండీ ఒకటి తీసి తెల్లవాటిలో పొరపాటున పెట్టి, మళ్ళీ తీసి నల్లవాటిలో పెట్టుకుంది. మూడోసారి మోగించేసరికి మీ అమ్మాయి తడి జుట్టుతో వచ్చి నా వెనక నిలబడి ఉంది. ఇద్దరం చూశాం.

ఆవిడ వెళ్ళి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. నన్ను తిట్టుంటే బాగుండేది. ఏడాది నుంచి చెబుతూనే ఉంది, "నేను పిలిస్తే చూడట్లేదండీ, డాక్టరుకి చూపిద్దాం" అని. "నీకు పనెక్కువ, దానికి నీ దగ్గర చనువు తక్కువ" అన్నాను నేను. అలా అన్నప్పుడల్లా లోపల్లోపల సంతోషంగా ఉండేది మామయ్యా. ఆ సంతోషం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. రోజంతా పక్కనే ఉన్నవాణ్ణి నేనే. పక్కనుండి నేను చేసింది, అది బయటపడకుండా కాపలా కాయడం.

పంతొమ్మిదో తేదీన ఆస్పత్రిలో పరీక్ష. అయ్యాక మీరు అన్నట్టు ఇరవైన వచ్చి తీసుకెళ్ళండి. నేను మళ్ళీ పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోతాను. పిల్లని పెంచడం నాకు చేతకాదని తేలిపోయింది. ఆ రోజు మీకు రాసిన మాటలకి ఎలా క్షమాపణ అడగాలో తెలియట్లేదు.

మీ అల్లుడు


జూలై 12

అల్లుడికి,

మేం రావట్లేదు. టిక్కెట్లు వాపసు చేశాం. మీ అత్తయ్య రెండు పూటలు నాతో మాట్లాడలేదు. నాకు తేడా తెలియలేదనుకో, కానీ కంచం పెట్టిన తీరులో తెలిసింది.

నిన్ను ఓదార్చడం నాకు రాదు. నీది తప్పే. పెళ్ళాం మాట వినకపోవడం ఇంకా పెద్ద తప్పు. కానీ చేతకాదు అని రాశావే, అది చదివి నవ్వొచ్చింది. నా కూతురికి తట్టు పోసిందని తగ్గిపోయిన మూడోనాడు తెలిసింది నాకు. దాని చెప్పుల సైజెంత అని ఇప్పటికీ అడుగు, చెప్పలేను. నువ్వు తెల్ల గుండీలు, నల్ల గుండీలు అని రాస్తున్నావు. చేతకానివాడంటే నన్ను చూపించు, నీకు ఆ బిరుదు ఇవ్వను.

పిల్లని ఇక్కడికి తెస్తే ఏమవుతుంది? మీ అత్తయ్య రోజంతా మాట్లాడుతుంది, దానికి పెదాలు కదలడం కనిపిస్తుంది. పాలు అయిపోయాయని అది చెయ్యి బోర్లిస్తే ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? నేను పగలంతా ఇక్కడి మిల్లులో కొత్తవాళ్ళకి పని నేర్పుతుంటాను. పిల్ల ఒంటరిదైపోతుంది. దానికి మాటంటూ ఒకటుంటే అది నీ దగ్గరుంది. నువ్వు పొద్దుటి షిఫ్టుకి మారితే నేను మేనేజరుకి ఉత్తరం రాసి ఆపిస్తాను. ఆయన ఇంకా నా మాట వింటాడు.

డాక్టరు వంశం గురించి అడిగితే దాచకండి. నాది మగ్గాల మోత వల్ల వచ్చిందే గానీ, మా పిన్ని ఒకావిడకి పుట్టుకతోనే ఉండేది. ఆవిణ్ణి మందమతి అనేవాళ్ళు ఇంట్లో. నేనూ అన్నాను.

మామయ్య


ఆగస్టు 4

మామయ్యగారికి నమస్కారం.

పరీక్ష అయింది. రెండు చెవులకీ వినికిడి బాగా తగ్గిందట, కానీ పూర్తిగా పోలేదు. చెవి మిషన్లు పెడితే మాట అందుతుందన్నారు. పోయిన గురువారం పెట్టారు. చెవి వెనక చిక్కుడుగింజంత ఉన్నాయి.

పరీక్ష చేసినావిడ చాలా సేపు పిల్లని చూసి, "ఈ వయసులో మా దగ్గరికొచ్చే పిల్లలు చాలామంది కొరుకుతారు, రక్కుతారు. చెప్పుకోలేక. ఈ పిల్ల చేత్తో అడుగుతోంది. ఎవరు నేర్పారు?" అంది. మా మామగారు అన్నాను. "చేతులు ఆపకండి, నోరు కూడా కలపండి" అంది. మీ అమ్మాయి ఆ మాట విన్నాక, రెండు వారాల తర్వాత మొదటిసారి నా వైపు తిన్నగా చూసింది.

ఇక అసలు సంగతి. మిషన్లు పెట్టగానే వాళ్ళమ్మ, "బుడంకాయా" అంది. పిల్ల కళ్ళు పెద్దవి చేసి, వాళ్ళమ్మ నోటి మీద చెయ్యి పెట్టి నవ్వింది. ఆ గొంతు ముందు కూడా ఎంతో కొంత అందుతూ ఉండేదేమో, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవి దగ్గర మాట్లాడేది కదా. తర్వాత నేను పిలిచాను. అది అదిరిపడి ఏడ్చి, వాళ్ళమ్మ కొంగులో దూరింది. నా ముఖం దానికి తెలుసు, నా చేతులు తెలుసు. గొంతు తెలియదు. ఎలా తెలుస్తుంది, నేనెప్పుడు వినిపించాను? ఇంటికొచ్చాక కూడా నేను నోరు తెరిస్తే చాలు, మిషన్లు పీకి నా చేతిలో పెడుతోంది. ఒకసారి పిండి డబ్బాలో దాచింది. జల్లెడ పట్టి తీశాం.

ఈ చేత్తో తినిపించి, ఈ చేత్తో కడిగి, నా గొంతు వింటే ఏడిచే కూతుర్ని పెంచాను మామయ్యా. మనసులో మంటగా ఉంది. ఇది ఎవరితో చెప్పను, మీతో తప్ప?

మాట్లాడమన్నారు కదా, మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, మగ్గం విప్పి మళ్ళీ బిగించే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా చెబుతున్నాను. కూర తరుగుతూ నట్లు, బోల్టులు, పిలకలు వేస్తూ పళ్ళచక్రాలు. టైలరమ్మ విని, "బాబూ, పిల్లని మిల్లులో చేర్పిస్తున్నారా?" అంది. రెండింటికల్లా గొంతు బొంగురుపోతోంది.

మీ అల్లుడు


ఆగస్టు 13

అల్లుడికి,

నా చెవి మిషన్ నాలుగేళ్ళ కిందట అమ్మాయి కొనిపెట్టింది, బీరువాలో ఉంది. చెవిలో ఏదో కూస్తుందని తీసేశాను. మూడేళ్ళది పెట్టుకోవాలి, ముసలాడు మాత్రం బీరువాలో దాచుకుంటాడు, బాగుంది వరస! అని మీ అత్తయ్య దులిపేసింది. సోమవారం నుంచి పెట్టుకుంటున్నాను.

పిల్లకి ఏడుపు ఎందుకొస్తోందో చెబుతాను, విను. అంతా ఒకేసారి మీద పడుతుంది. చెంచా, కుర్చీ, కుళాయి, కాకి, అన్నీ ఒకే మోత. ఏది ఎవరిదో తెలియదు. మగ గొంతు మరీ మొద్దుగా ఉంటుంది, మగ్గం బయల్దేరినట్టు. నీ మీద అయిష్టం అనుకోకు. అరవకు, దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పు. ముందు చెయ్యి చూపించు, వెంటనే నోరు. ఏడిస్తే ఆపు, కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టు. కొత్త కుర్రాడికి మగ్గం అప్పజెప్పినట్టే.

ఇంకో సంగతి. మీ అత్తయ్య గొంతు ముసలిదైపోయిందిరా. ఆవిడ మాట్లాడుతుంటే ఇన్నాళ్ళూ నేను పాత గొంతే ఊహించుకుంటూ ఉన్నాను. మిషన్ పెట్టుకోగానే విని, కొత్త మనిషి ఎవరొచ్చారా అని వెనక్కి చూశాను. ఇప్పుడు అలవాటవుతోంది. బాగానే ఉంది. కాస్త ఎక్కువ మాట్లాడుతుంది, అంతే.

మామయ్య


ఆగస్టు 29

మామయ్యగారికి నమస్కారం.

కుళాయి బాగుచేశాను, ఇప్పుడు సింకు కింద కారుతోంది.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ముందు చెయ్యి, వెంటనే నోరు. మొదటి వారం ఏడుపు తగ్గింది. రెండో వారం నేను మాట్లాడుతుంటే మిషన్లు తియ్యకుండా, చెవి మీద అరచెయ్యి పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. దగ్గర కూర్చుంటే సరే గానీ, కనపడకుండా పిలిస్తే మాత్రం అది నేనని తెలిసేది కాదు. కిటికీ వైపు, సీలింగ్ వైపు చూసేది. ఆస్పత్రిలో ఆవిడ, "ఓపిక పట్టండి, నెలలు పడుతుంది" అంది. మీ అమ్మాయి పిలిస్తే మాత్రం ఇల్లంతా వెతుక్కుంటూ వెళ్తుంది. నేను చూసి ఊరుకుంటున్నాను. ఆవిడకి ఏడాది బాకీ ఉన్నాను.

ఇవాళ పొద్దున గిన్నెలు తోముతున్నాను. మోచేతుల దాకా సబ్బు. బుడంకాయ ముందు గదిలో ఉంది, నాకు కనపడదు, దానికి నేను కనపడను. చాలాసేపు చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే ఏ సున్నమో గీకి నోట్లో పెట్టుకుంటోందని నాకు భయం. చేతులు కడుక్కుని వెళ్ళే ఓపిక లేక, ఆలోచించకుండా, "ఏమే బుడంకాయా!" అని కేకేశాను. కేకేశాక గుర్తొచ్చింది. అది నేనని ఇంకా తెలియదులే అనుకుని చేతులు కడుక్కోబోయాను.

గుమ్మంలోకి వచ్చింది మామయ్యా. కిటికీ వైపు వెళ్ళలేదు, పైకి చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, తలెత్తి, ఏం కావాలని చేత్తో అడిగింది.

నాకేం కావాలో నాకు గుర్తు రాలేదు. ఏం లేదమ్మా, ఊరికే పిలిచానన్నాను. తలూపి వెళ్ళిపోయింది. గది దాకా వెళ్ళనిచ్చి మళ్ళీ పిలిచాను. మళ్ళీ వచ్చింది.

మీ అల్లుడు